తుపాను వస్తోందంటే ఇంట్లో ఏం చేయాలి? మూడు రోజుల ముందు నుంచి కరెంటు వచ్చేదాకా

టీవీలో "వాయుగుండం" అన్న మాట వినబడితే చాలు, కోస్తాలో అందరూ అడిగేది ఒకటే: "ఏం కొనిపెట్టుకోవాలి?" ఆ వెంటనే కిరాణా కొట్టుకు పరుగు. రెండు పెట్టెల కొవ్వొత్తులు, పది నూడుల్స్ ప్యాకెట్లు, ఒక బ్రెడ్డు. తీరా అవసరం పడేసరికి ఆ నూడుల్స్ ఉడకబెట్టడానికి మంచినీళ్ళు ఉండవు.

అసలు విషయం ఏమిటంటే, పెద్ద గాలి ఉండేది ఒక పూట, మహా అయితే ఒక రాత్రి. ఆ తర్వాత కరెంటు, నీళ్ళు, ఫోను లేకుండా గడపాల్సిన రోజులే ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వెళ్ళింది. గట్టి ఇళ్ళలో ఉన్నవాళ్ళు ఆ గాలిని ఎలాగో కాచుకున్నారు. అవస్థ అంతా తర్వాతి రోజుల్లో మొదలైంది. మోటార్లు ఆడవు, పై ట్యాంకులు ఖాళీ, సెల్ టవర్లు పడుకున్నాయి, పెట్రోలు బంకుల ముందు బారులు, పాల ప్యాకెట్ కోసం వీధులన్నీ తిరగడం. అందుకే ఇక్కడ చెప్పేవాటిలో సగానికి పైగా గాలి ఆగిన తర్వాతి రోజుల కోసమే.

ముందు తేల్చుకోవాల్సింది: ఇంట్లో ఉండొచ్చా, లేదా?

ఈ ప్రశ్న తేలకుండా మిగతావి చదివి లాభం లేదు. ఈ కింది వాటిలో ఏ ఒక్కటి మీకు వర్తించినా, ఇంటిని కాపాడుకునే ఆలోచన పక్కన పెట్టి, పగటి వెలుగు ఉండగానే బయల్దేరండి.

- మీది పూరిల్లు, పెంకుటిల్లు లేదా రేకుల ఇల్లు.
- సముద్రానికి, ఏటి మొగకు, ఉప్పుటేరుకు దగ్గరగా పల్లపు చోట ఉంటున్నారు.
- ఇంటి మీదకు వాలిన పెద్ద చెట్టు, సెల్ టవరు లేదా హోర్డింగు ఉంది.
- రెవెన్యూ వాళ్ళో సచివాలయం వాళ్ళో ఖాళీ చేయమని చెప్పారు.

"డాబా ఇల్లే కదా, మనకేం కాదు" అన్న ధీమా గాలికి సరిపోవచ్చు, ఉప్పెనకు సరిపోదు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకున్నది గాలి కాదు, ఊళ్ళ మీదకు వచ్చిపడ్డ సముద్రం. మన తీరంలో తుపాను కేంద్రం దాటే చోటు కన్నా దానికి కాస్త ఉత్తరంగా ఉన్న ఊళ్ళకే ఉప్పెన భయం ఎక్కువ, ఎందుకంటే అక్కడ గాలి సముద్రం మీద నుంచి నేల మీదకు తోస్తుంది. కాబట్టి "బాపట్ల దగ్గర దాటుతుందట, మనది మచిలీపట్నం" అని నిమ్మళంగా కూర్చోకండి.

షెల్టరుకు గానీ స్కూలుకు గానీ వెళ్ళేటప్పుడు మందులు, కాగితాల సంచి, తాగే నీళ్ళు, దుప్పట్లు, చంటిపిల్లల సామాను పట్టుకెళ్ళండి. మెయిన్ స్విచ్ ఆపి, గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి తాళం వేయండి. పశువులుంటే మెరక చోటికి తోలండి. అది కుదరకపోతే పలుపులు విప్పి వదిలేయండి. కట్టేసిన పశువు నీళ్ళొస్తే ఈదలేదు.

నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్ చేయించుకునేవాళ్ళు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే ఇల్లు ఎంత గట్టిదైనా సరే, రెండు రోజుల ముందే ఆసుపత్రికి దగ్గరలో ఉండేలా చూసుకోండి. ఊళ్ళో ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో ఒక మాట చెప్పి ఉంచండి. చెట్లు అడ్డంగా పడ్డాక 108 కూడా వచ్చే వీలుండదు.

హెచ్చరికను చదవడం

వాతావరణ శాఖ చెప్పే రంగులు మూడు గుర్తుపెట్టుకుంటే చాలు. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండండి. ఆరెంజ్ అంటే సిద్ధం కండి. ఎరుపు అంటే ఇక చేయాల్సింది చేసేయండి. తుపాను విషయంలో పసుపు సుమారు 48 గంటల ముందు, ఆరెంజ్ 24 గంటల ముందు, ఎరుపు 12 గంటల ముందు వస్తాయి. ఎరుపు వచ్చేదాకా ఆగి మొదలుపెడితే కొట్లు మూసేసి ఉంటాయి, ఎలక్ట్రీషియన్ ఫోన్ ఎత్తడు.

"మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు" అని వార్తల్లో వస్తుంది కదా, అది ఓడల కోసం రేవులో పెట్టే గుర్తు. మూడో నంబరుకు మీరు టెన్షన్ పడక్కర్లేదు. అది ఎనిమిది, తొమ్మిది, పది అయితే మాత్రం మీ పక్క రేవుకు పెద్ద తుపాను వస్తున్నట్టే.

వాట్సాప్‌లో తిరిగే ఉపగ్రహ చిత్రాల మీద ఆధారపడకండి. పోయిన ఏడాది బొమ్మనే ఈ ఏడాదీ పంపేవాళ్ళకు కొదవ లేదు. వాతావరణ శాఖ సైటు, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ప్రకటనలు, ఫోన్‌లో "సచేత్" యాప్ చూసుకుంటే సరిపోతుంది.

కావలసినవి

ఇవన్నీ తుపాను రోజున కొనేవి కావు. వినాయక చవితి అయిన వారంలో ఒక ప్లాస్టిక్ డబ్బాలో సర్దిపెట్టుకుంటే అక్టోబరు, నవంబరు, డిసెంబరు గడిచిపోతాయి. మే నెలలోనూ తుపాన్లు వస్తాయి కాబట్టి డబ్బాను అటక మీద మరీ లోపలికి తోసేయకండి.

- తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున నీళ్ళు. నలుగురికి అయిదు రోజులంటే 80 లీటర్లు, అంటే నాలుగు 20 లీటర్ల క్యాన్లు. వాడకం నీళ్ళు దీనికి వేరు.
- పొయ్యి వెలిగించకుండా తినగలిగేవి: అటుకులు, మరమరాలు, వేయించిన శనగలు, బెల్లం, వేరుశనగపప్పు, ఖర్జూరం, జంతికలు, సున్నుండలు, పాలపొడి. అరటిపళ్ళు పచ్చివి కొనండి, రెండో రోజుకు పండుతాయి.
- గ్యాస్ ఉంటే వండుకోవడానికి బియ్యం, కందిపప్పు, ఉప్మారవ్వ, చింతపండు, ఉల్లిపాయలు. పచ్చళ్ళు, కందిపొడి ఎలాగూ ఉంటాయి.
- టార్చిలైట్లు రెండు, వాటికి విడిగా సెల్స్. తలకు పెట్టుకునే టార్చి ఒకటి ఉంటే వంటగదిలో ఎంత సుఖమో వాడితేనే తెలుస్తుంది.
- సెల్స్ మీద నడిచే చిన్న రేడియో, పవర్ బ్యాంకు, బండిలో పెట్టే ఛార్జరు.
- రోజూ వేసుకునే మందులు రెండు వారాలకు సరిపడా, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పారాసిటమాల్, గాజుగుడ్డ, టించరు, క్లోరిన్ మాత్రలు, పటిక ముక్క.
- నగదు, అదీ చిన్న నోట్లలో. యూపీఐ ఆగిపోయిన రోజున 500 నోటుకు చిల్లర ఇచ్చేవాడు దొరకడు.
- నైలాన్ తాడు, బిగింపు తీగ, మందపాటి పాలిథిన్ పట్టా, పాత తువ్వాళ్ళు, చేతి తొడుగులు, కత్తి, గొడ్డలి లేదా చిన్న రంపం.
- శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు, చెత్త సంచులు, దోమల కాయిళ్ళు.

కొవ్వొత్తులు జాబితాలో ఎందుకు లేవంటారా? కిటికీ సందుల్లోంచి గాలి కొడుతున్న గదిలో కర్టెన్ పక్కన కొవ్వొత్తి పెట్టడం కన్నా చీకట్లో కూర్చోవడం నయం. టార్చి కాంతి గది నిండా రావాలంటే దాన్ని నిలబెట్టి, మీద నీళ్ళ సీసా పెట్టండి.

ఏ వరుసలో చేయాలి

1. డాబా మీద నుంచి మొదలుపెట్టండి (మూడు రోజుల ముందు). చాలామంది సరుకులతో మొదలుపెడతారు, డాబా సంగతి చినుకులు పడ్డాక గుర్తొస్తుంది. గాలి మొదలయ్యాక డాబా ఎక్కడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. నీళ్ళు పోయే తూముల్లో ఆకులు, చెత్త, పిల్లల బంతి ఏదున్నా తీసేయండి. శుభ్రం చేశాక రెండు బకెట్ల నీళ్ళు గుమ్మరించి చూడండి. గుడగుడమని దిగిపోవాలి. నిలబడి నెమ్మదిగా ఇంకుతుంటే పైపు లోపల ఎక్కడో అడ్డం ఉన్నట్టు. ఇప్పుడే సరిచేయించకపోతే ఆ నీళ్ళు మెట్ల మీదుగా హాల్లోకి వస్తాయి.

పూలకుండీలు, మడత కుర్చీలు, బట్టల దండేలకు పెట్టిన కర్రలు, విడి రేకులు, ఎప్పుడో ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టైల్స్ అన్నీ కిందికి దింపండి. ఆ గాలిలో ఒక్క రేకు ముక్క ఎగిరినా ఎదురింటివాళ్ళ మెడ మీద కత్తే. డిష్ యాంటెన్నా, సోలార్ వాటర్ హీటరు బోల్టులు బిగించి చూడండి. బాల్కనీ అంచున పెట్టిన తులసి కుండీని కూడా లోపల పెట్టండి, అమ్మవారు ఏమీ అనుకోదు.

కొబ్బరిచెట్లు ఇంటికి దగ్గరగా ఉంటే దింపు తీయించి, ఎండు మట్టలు కొట్టించేయండి. కోనసీమలో తుపాను కబురు రాగానే దింపు తీసేవాళ్ళు దొరకరు, కాబట్టి ఈ పని ఇంకా ముందే పెట్టుకోండి. కరెంటు తీగలకు తగిలే కొమ్మలను మాత్రం మీరు కొట్టకండి, విద్యుత్ శాఖ నంబరు 1912కి చెప్పండి.

2. నీళ్ళు (రెండు రోజుల ముందు). గాలి ముదరకముందే, తీగలు తెగి ప్రమాదం జరగకుండా విద్యుత్ శాఖే చాలాచోట్ల సరఫరా ఆపేస్తుంది. "కరెంటు పోయేలోపు మోటారు వేద్దాం" అనుకుంటే ఆ గడియ మీ చేతిలో ఉండదు. ఆరెంజ్ హెచ్చరిక రాగానే సంపు, పై ట్యాంకు నింపేయండి.

పై ట్యాంకు నింపడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు గాలికి ఎగిరిపోతుంది. నిండు వెయ్యి లీటర్ల ట్యాంకు టన్ను బరువు, కదలదు. మూత మాత్రం తాడుతో కట్టండి. అది పోతే లోపల ఆకులు, పక్షి రెట్టలు. ఇక ట్యాంకు నుంచి ఇంట్లోకి వచ్చే గేట్‌వాల్వు తిరుగుతోందో లేదో చూడండి. గాలికి పైపు విరిగితే మొత్తం నీళ్ళు ఒక్క గంటలో పోకుండా ఆపేది అదొక్కటే. ఏళ్ళ తరబడి తిప్పకపోవడంతో చాలా ఇళ్ళలో అది బిగుసుకుపోయి ఉంటుంది.

బకెట్లు, టబ్బులు, స్నానాల గదిలో డ్రమ్ము, ప్రెషర్ కుక్కర్లు, ఇంట్లో మూత ఉన్నదేదైనా నింపండి. ఆర్ఓ ఫిల్టరు కరెంటు లేకపోతే బొమ్మే, కాబట్టి తాగే నీళ్ళు ముందే పట్టుకోండి.

అపార్ట్‌మెంట్లలో సమస్య నీళ్ళు లేకపోవడం కాదు, ఉన్న నీళ్ళు మొదటి రోజే అయిపోవడం. కమిటీ ముందే కూర్చుని, కరెంటు పోయాక ఉదయం అరగంట, సాయంత్రం అరగంట మాత్రమే నీళ్ళు వదలాలని తీర్మానించుకోవాలి. ఎవరో ఒకరు గొణుగుతారు, గొణగనివ్వండి. లిఫ్టును గాలి మొదలవకముందే పై అంతస్తులో ఆపి స్విచ్ తీసేయించండి. కింద ఉంచితే దాని గోతిలోకి నీళ్ళొచ్చి పాడవుతుంది. జనరేటరుకు డీజిల్ ఉందో లేదో వాచ్‌మన్‌ను అడగడం కాదు, మీరే చూడండి.

3. ఇన్వర్టరు, ఫోన్లు. ఇన్వర్టరు ఉందని నిబ్బరంగా ఉండేవాళ్ళు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. 150 ఏహెచ్ బ్యాటరీ కొత్తదైతే వాడుకోగలిగేది దాదాపు 1200 వాట్-గంటలు. మూడు ఫ్యాన్లు, టీవీ, నాలుగు లైట్లు కలిపి 300 వాట్లు పడితే నాలుగు గంటల్లో అయిపోతుంది. ఒక ఫ్యాను, రెండు ఎల్ఈడీ బల్బులతో సరిపెట్టుకుంటే 12 గంటలు వస్తుంది. ఫ్యాను కూడా ఆపి ఒక బల్బు, ఫోన్ ఛార్జింగ్ వరకే వాడితే రెండు రాత్రులు దాటుతుంది. మూడేళ్ళు వాడిన బ్యాటరీ అయితే ఇందులో సగమే అనుకోండి. డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసుకోండి. కింది అంతస్తు అయితే బ్యాటరీని బల్ల మీదకో ఇటుకల మీదకో ఎత్తించండి.

ఫోన్లు, పవర్ బ్యాంకులు, ల్యాప్‌టాప్ అన్నీ నిండుగా ఛార్జ్ చేయండి. ల్యాప్‌టాప్ కూడా ఫోనుకు ఛార్జరే. ఇంట్లో రెండు మూడు ఫోన్లుంటే ఒకటి మాత్రమే ఆన్‌లో ఉంచి మిగతావి పూర్తిగా ఆపేయండి. మీ సిగ్నల్ పోతే వెంటనే ఆశ వదులుకోకండి. ఇటీవలి తుపాన్లప్పుడు ఒక కంపెనీ సిమ్ ఇంకో కంపెనీ టవరుతో పనిచేసేలా ఏర్పాటు చేస్తున్నారు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఎంపికను "ఆటోమేటిక్" నుంచి మార్చి, జాబితాలో కనబడ్డ ఇంకో నెట్‌వర్క్‌ను నొక్కి చూడండి.

తుపాను దారికి దూరంగా, హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న బంధువు ఒకరిని వార్తలకు కేంద్రంగా పెట్టుకోండి. బంధువర్గం అంతా వాళ్ళనే అడగాలి, మీరు వాళ్ళకే ఎస్ఎంఎస్ పెట్టాలి. కాల్ కలవని చోట కూడా ఎస్ఎంఎస్ ఒక్కోసారి వెళ్తుంది. అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి అమ్మానాన్నల గురించి బెంగపడే పిల్లలూ, ఇది మీకు కూడా. గంటకోసారి వీడియో కాల్ చేస్తే వాళ్ళ బ్యాటరీ మీ ప్రేమకే ఖర్చైపోతుంది. పక్కింటివాళ్ళ నంబరు ఒకటి తీసుకోండి, పొద్దునా రాత్రీ ఒక వేళ అనుకోండి, అంతే.

4. మందులు, ఫ్రిజ్. బీపీ, షుగరు, థైరాయిడ్, ఫిట్స్ మందులు లెక్కపెట్టి చూడండి. "ఉన్నట్టున్నాయి" అనుకోవడం వేరు, స్ట్రిప్పు చేతిలోకి తీసుకుని లెక్కపెట్టడం వేరు. వాడుతున్న ఇన్సులిన్ సాధారణంగా 30 డిగ్రీల లోపు సుమారు నాలుగు వారాలు బయట ఆగుతుంది. మీ రకానికి ఎంతో పెట్టెలోని కాగితం మీద చూసుకోండి. ఫ్రిజ్ ఆగిపోయాక ఇన్సులిన్‌ను పాలిథిన్ కవరులో చుట్టి, తడిపిన మట్టికుండలో చల్లని మూల పెట్టండి. ఐసు మీద నేరుగా పెట్టకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

ఫ్రిజ్ తలుపు తెరవకపోతే లోపల చల్లదనం నాలుగు గంటలు ఆగుతుంది. ఫ్రీజరులో ఖాళీ లేకుండా నీళ్ళ సీసాలు గడ్డకట్టించి పెట్టుకుంటే ఇంకా ఎక్కువసేపు. కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడు వచ్చిందో తెలియక, మళ్ళీ గడ్డకట్టిన చేపలను వండుకుని కడుపు చెడగొట్టుకునేవాళ్ళున్నారు. దీనికి తేలిక పరీక్ష ఒకటుంది. గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి, మీద ఒక రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజరులో ఉంచండి. తర్వాత చూసినప్పుడు బిళ్ళ పైనే ఉంటే పర్వాలేదు. అడుగుకు దిగిపోయి ఉంటే మధ్యలో అంతా కరిగిందన్నమాట, మాంసం, చేపలు పారేయండి.

5. కాగితాలు. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి దస్తావేజులు, బ్యాంకు పుస్తకాలు, బీమా పాలసీలు, పిల్లల సర్టిఫికెట్లు. రెండు జిప్ కవర్లలో ఒకదానిలో ఒకటి పెట్టి, పై బీరువా అరలో కాదు, చేతికి అందే సంచిలో ఉంచండి. అన్నిటినీ ఫోటో తీసి హైదరాబాదు బంధువుకు పంపండి. అలాగే ఇంట్లో ఒక్కో గదిని, బండిని, డాబాను ఫోన్‌లో వీడియో తీసిపెట్టుకోండి. నష్టం నమోదుకు వచ్చినప్పుడు "ముందు ఎలా ఉండేది" అన్నదానికి అదే సాక్ష్యం.

6. కిటికీలు, తలుపులు (ఒక రోజు ముందు). అద్దాల మీద టేపుతో ఇంటూ గుర్తు అతికించడం వల్ల అద్దం పగలకుండా ఆగదు. పైగా పెద్ద పెద్ద ముక్కలుగా ఊడిపడుతుంది. సముద్రం వైపు పెద్ద అద్దాలుంటే బయటి నుంచి ప్లైవుడ్ కొట్టించడం మంచి పద్ధతి. అది కుదరకపోతే కర్టెన్లు పూర్తిగా లాగి, పరుపు ఒకటి అడ్డం నిలబెట్టి, ఆ గదికి తలుపు వేసి వదిలేయండి.

జరిపే కిటికీల అడుగున ఉండే గాడిలో నీళ్ళు బయటికి పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. వాటిలో మట్టి పేరుకుంటే గాడి నిండి నీళ్ళు గదిలోకి పొంగుతాయి. పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి, ఒక మగ్గు నీళ్ళు పోసి, బయటి గోడ వైపు కారుతున్నాయో లేదో చూడండి. ఇంత చిన్న పనికి ఎవరూ చేయి వేయరు. తుపాను రాత్రి తువ్వాళ్ళు పిండుకుంటూ కూర్చునేది మాత్రం ఇందుకే.

"ఒక కిటికీ తెరిచి ఉంచితే ఒత్తిడి తగ్గుతుంది" అని పెద్దవాళ్ళు చెబుతుంటారు. వినకండి. లోపలికి దూరిన గాలి పైకప్పును లేపడానికే చూస్తుంది. అన్నీ మూసి గడియలు పెట్టండి.

7. బండ్లు. ట్యాంకు నింపుకోండి. సెల్లారులో వద్దు, చెట్టు కింద వద్దు, పాత ప్రహరీ పక్కన అసలు వద్దు. నీటిలో మునిగిన బండిని, కారును స్టార్ట్ చేసి చూడాలనిపిస్తుంది. ఇంజన్‌లోకి నీళ్ళు వెళ్ళి పూర్తిగా పోయేది అప్పుడే. తాళం చెవి తిప్పకుండా మెకానిక్‌కు అప్పగించండి, ముందు బీమా కంపెనీకి చెప్పండి.

8. గాలి వీస్తున్నప్పుడు. మెయిన్ స్విచ్ ఆపేయండి, గ్యాస్ కట్టేయండి. కిటికీలు తక్కువగా ఉన్న లోపలి గదిలో అందరూ ఒకచోట ఉండండి. చెప్పులు వేసుకునే ఉండండి, చీకట్లో గాజుపెంకు కనబడదు. చలిగా ఉందని తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకండి, జనరేటరును వరండాలో గానీ సెల్లారులో గానీ నడపకండి. ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక ఇది. గాలి ఒక్కసారిగా ఆగి, ఆకాశం తేటపడితే తుపాను అయిపోయిందని బయటికి రాకండి. అది తుపాను కన్ను అయి ఉండొచ్చు. అది దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ అంతే ఉధృతితో కొడుతుంది. మన తీరంలో సాధారణంగా ముందు ఉత్తరం వైపు నుంచి, తర్వాత దక్షిణం వైపు నుంచి. ఇంతసేపూ ఒక పక్కకు వంగి నిలబడ్డ చెట్లు రెండో దఫాలో కూలుతాయి. రేడియోలో "తీరం దాటడం పూర్తయింది, బలహీనపడింది" అని వినేదాకా గుమ్మం దాటకండి.

9. ఆగాక. తెల్లారి వీధిలోకి వచ్చేటప్పుడు ముందు చూడాల్సింది తలెత్తి పైకి, తర్వాత కిందికి. తెగిన తీగ ఏదైనా సరే కరెంటు ఉన్నట్టే లెక్క, నీటిలో పడి ఉంటే ఆ నీటిలో అడుగు పెట్టకండి. మూలన పడి ఉన్న బట్టలు, బూట్లు, కట్టెలు కర్రతో కదిపి చూడండి, వరదకు పాములు మెరక వెతుక్కుంటూ ఇళ్ళలోకి వస్తాయి. కాటు వేస్తే గంటు పెట్టడం, గుడ్డతో బిగించి కట్టడం చేయకుండా, కాలు కదపనివ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

కరెంటు రాగానే అన్ని స్విచ్‌లూ ఒకేసారి వేయకండి. బోర్డులు తడిసి ఉంటే ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ ముట్టుకోవద్దు. పొడిగా ఉంటే మెయిన్ వేసి, ఆర్‌సీసీబీ (షాక్ కొట్టకుండా కరెంటును దానంతటదే ఆపేసే స్విచ్) మీద ఉండే టెస్ట్ బటన్ నొక్కండి. టప్‌మని పడిపోతే అది పనిచేస్తున్నట్టు. తర్వాత లైట్లు, ఫ్యాన్లు, కాసేపు ఆగి ఫ్రిజ్, చివరికి మోటారు.

నీళ్ళ దగ్గర ఎక్కువమంది చేసే తప్పు, బురద నీళ్ళలో క్లోరిన్ మాత్ర వేసి తాగేయడం. మట్టి ఉంటే క్లోరిన్ బలం దానికే సరిపోతుంది. ముందు పటిక తిప్పి, తేరనిచ్చి, పైనీళ్ళు గుడ్డలో వడగట్టండి. తర్వాత ప్యాకెట్ మీద రాసిన లెక్క ప్రకారం మాత్ర వేసి అరగంట ఆగండి. మూత తీస్తే కాస్త క్లోరిన్ వాసన రావాలి, ఏమీ రాకపోతే చాలలేదని అర్థం. చిల్లగింజ అరగదీసినా నీళ్ళు తేరుతాయి గానీ క్రిములు చావవు. గ్యాస్ ఉంటే కళపెళా మరిగించడం అన్నిటికన్నా నమ్మకం. సంపులోకి వరద నీళ్ళు వచ్చి ఉంటే అది పూర్తిగా తోడి, కడిగి, బ్లీచింగ్ వేసి నింపాకే వాడండి.

విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోయినా పర్వాలేదు. లీటరు మంచినీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలవండి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు హాని. వరద నీళ్ళలో నడిచిన కొద్ది రోజులకు జ్వరం, పిక్కల నొప్పి వస్తే ఆ విషయం డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఎలుకల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు.

ఇల్లు కడగడానికి ముందే నష్టాన్ని ఫోటోలు తీయండి.

గాలి లేకుండా నీళ్ళు మాత్రమే వస్తే

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు పెద్ద గాలేమీ లేదు. జనం నిద్ర లేచేసరికి నీళ్ళు గుమ్మంలో ఉన్నాయి. ఇలాంటి చోట ఉండేవాళ్ళకు పైన చెప్పిన జాబితా అదే, వరుస మారుతుంది. ముందు మెయిన్ స్విచ్, తర్వాత మనుషులు పై అంతస్తుకు, ఆపైన కాగితాల సంచి, మందులు, తాగే నీళ్ళ క్యాన్లు, గ్యాస్ సిలిండరు. సిలిండరును కింద వదిలేస్తే నీళ్ళలో తేలి కొట్టుకుపోతుంది, రెగ్యులేటర్ తీసి మూత బిగించి పైకి చేర్చండి. టీవీ, సోఫా గురించి ఆలోచించేది ఇవన్నీ అయ్యాకే. మోకాలు దాటిన పారే నీటిలో నడవకండి, మూత లేని మ్యాన్‌హోలు కనబడదు. తప్పదంటే కర్రతో ముందు నేల తడిమి అడుగు వేయండి.

సిద్ధంగా ఉన్నామో లేదో తెలుసుకునే పరీక్ష

ఎండగా ఉన్న ఒక ఆదివారం సాయంత్రం ఆరింటికి మెయిన్ స్విచ్ ఆపేసి, మోటారు వేయకుండా, ఫ్రిజ్ తెరవకుండా మర్నాడు పొద్దున దాకా ఉండి చూడండి. టార్చి ఎక్కడుందో చీకట్లో దొరికిందా? లైటరు పనిచేసిందా? అత్తగారి మాత్రలు ఏవో ఆవిడ లేకుండా ఇంకెవరికైనా తెలుసా? ఫోన్ నంబర్లు కాగితం మీద ఉన్నాయా? పిల్లలు మొదటి గంట గోల చేస్తారు, తర్వాత దాన్నే పిక్నిక్ చేసేస్తారు. ఏది తక్కువైందో ఆ రాత్రే రాసుకోండి.

తలుపు వెనక అంటించాల్సిన నంబర్లు: అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, అగ్నిమాపక శాఖకు 101, కరెంటుకు 1912, రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూముకు 1070. జిల్లా కంట్రోల్ రూము నంబరు ప్రతి తుపానుకూ ప్రకటిస్తారు, అది పక్కన రాసుకోవడానికి ఖాళీ వదలండి.

సంక్రాంతి అయ్యాక డబ్బా తెరిచి బిస్కెట్లు, ఖర్జూరాలు పిల్లలకు పెట్టేయండి, మందుల గడువు తేదీలు చూడండి. టార్చిలోంచి, రేడియోలోంచి సెల్స్ తీసి విడిగా కవరులో వేయండి. లోపలే ఉంచితే కారిపోయి, వచ్చే అక్టోబరుకు టార్చి కూడా కొత్తది కొనాల్సి వస్తుంది.